రైతు పేరుతో ఇచ్చే డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? చిత్తూరు, తిరుపతి జిల్లాల వాళ్లు చెప్పండి

సువర్ణముఖి గట్టు

అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి మండలం. సేద్యం మా నాన్న చూసుకుంటారు, నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు ఊరికి పోతుంటాను. చాలా రోజులుగా మనసులో ఉన్న విషయం అడుగుతున్నా.

మా కయ్యల పక్కన మూడెకరాల మడి ఉంది. పట్టా ఉన్న కుటుంబం బెంగళూరులో స్థిరపడి చాలా కాలమైంది. ఆ మడిని మా ఊరాయన ఒకరు కౌలుకు చేస్తున్నాడు. నారు పోయడం, నాట్ల కూలీలు, యూరియా కోసం క్యూలో నిలబడటం, కోత మిషన్ బాడుగ, అన్నీ ఆయనవే. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ (రైతుకు ఏటా ఇచ్చే పెట్టుబడి సాయం) మొదటి విడత వచ్చింది. పీఎం కిసాన్ 2,000, రాష్ట్రం వాటా 5,000, మొత్తం 7,000. నవంబరు 19న మళ్లీ 7,000. రెండుసార్లూ డబ్బు బెంగళూరు ఖాతాకే వెళ్లింది. అదే నవంబరులో మా ఊరాయన ఎరువుల అంగట్లో అప్పు రాయించుకుంటున్నాడు. పక్కన నేనే ఉన్నా.

బెంగళూరు కుటుంబం తప్పు చేసిందని నేను అనడం లేదు. రికార్డులో పేరు వాళ్లదే కాబట్టి డబ్బు వాళ్లకు వచ్చింది. నా ప్రశ్న పథకం గురించి. ఏడాదికి 20,000 ఇస్తున్నది పంట పెట్టినవాడికా, పట్టా ఉన్నవాడికా? పార్టీల గొడవ వద్దు. 2019లో రైతు భరోసా కింద 13,500 ఇచ్చినప్పుడు కూడా ఆ మడి విషయంలో ఇదే జరిగింది.

పాకాల శీను

మా దగ్గర కౌలు కంటే కోరు ఎక్కువ అన్నా. పంటలో సగం భూమి ఆసామికి, సగం చేసినవాడికి. అంతా నోటిమాటే. కాగితం ఉండదు కాబట్టి సర్కారు లెక్కలో కోరుదారు అనే మనిషే లేడు.

ఆరెస్కే ఉద్యోగి

నేను రైతు సేవా కేంద్రంలో (ఆరెస్కే) పనిచేస్తున్నాను. ఊరు, పేరు చెప్పలేను. రూల్స్ ఎలా ఉన్నాయో చెబితే చర్చకు పనికొస్తుందని రాస్తున్నా.

పీఎం కిసాన్ 2018 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మొదట్లో రెండు హెక్టార్ల లోపు వాళ్లకే అన్నారు, 2019లోనే ఆ పరిమితి తీసేశారు. ఇప్పుడు సొంత భూమి ఉన్న ప్రతి రైతు కుటుంబానికీ ఏడాదికి 6,000, మూడు విడతల్లో. కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు (నాలుగో తరగతి వాళ్లు తప్ప), నెలకు 10,000, అంతకు మించి పెన్షన్ తీసుకునేవాళ్లు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు అనర్హులు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందో చూస్తారు. ఆ తర్వాత కొనుక్కున్న వాళ్లకు రాదు, వారసత్వంగా వస్తే మాత్రం వస్తుంది. కౌలుదారు అన్న మాట ఈ కేంద్ర పథకంలో లేనే లేదు.

కౌలుదారులకు దారి ఉన్నది రాష్ట్రం వాటాలోనే. దానికి సీసీఆర్‌సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కు కార్డు కావాలి. 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకు ఇస్తారు, భూయజమాని సంతకం తప్పనిసరి. రైతు భరోసా రోజుల్లో సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు 13,500 పూర్తిగా రాష్ట్రమే ఇచ్చింది. ఓసీ కౌలుదారుకు కార్డు ఉన్నా డబ్బు రాలేదు.

ఊళ్లో ఎవరు ఏ కయ్యలో ఏం పెట్టారో మాకు తెలుసు. ఈ-క్రాప్ (ఎవరు ఏ పంట పెట్టారో కంప్యూటర్‌లో నమోదు) కోసం పొలానికి వెళ్లి ఫొటో తీసేది మేమే. ఫొటోలో ఒకరు నిలబడి ఉంటారు, కంప్యూటర్‌లో పేరు ఇంకొకరిది. సంతకం లేకుండా ఆ పేరు మార్చే అధికారం మాకు లేదు. జనం మమ్మల్ని తిట్టిపోతుంటారు, ఆ కోపం నాకు అర్థమవుతుంది.

బైరాగిపట్టెడ

యజమానుల తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా. మేం తిరుపతిలో ఉంటాం, మా అమ్మ పేరున పాకాల దగ్గర రెండెకరాలు. నాన్న పోయాక సేద్యం చేసే మనిషి లేక కౌలుకు ఇచ్చాం. వానలు లేని ఏడాది కౌలు అడగం, అడిగినా రాదు. అమ్మకు వేరే ఆదాయం లేదు. ఆ 20,000 ఆమె మందులకు సరిపోతోంది.

సంతకం ఎందుకు పెట్టరని అందరూ అడుగుతారు. మా తాత కాలంలో కౌలుదారీ చట్టం కేసులు ఏళ్ల తరబడి నడిచిన కుటుంబాలు మా ఊళ్లోనే ఉన్నాయి. 1956 చట్టం పేరు చెబితే పాత తరానికి ఇప్పటికీ వణుకు. పైగా భూముల రీసర్వే తర్వాత పాత సర్వే నంబర్ల బదులు ఎల్పీ నంబర్లు, విస్తీర్ణంలో తేడాలు, రోజుకో టెన్షన్. ఇంత గందరగోళంలో ఇంకొకరి పేరు మా భూమి కాగితం మీద రాయించమంటే ఎవరైనా వెనకాడతారు. మా కౌలు ఆయన మంచివాడు, ఆయన మీద అనుమానం ఏమీ లేదు. మాకు భరోసా లేనిది కాగితం మీదే.

కౌలు సేద్యం

సార్, మీ అమ్మగారి మందుల డబ్బు తీసేయమని నేను అనను. కానీ నా సంగతి కూడా వినండి. నాది శ్రీకాళహస్తి వైపు. సొంతంగా సెంటు భూమి లేదు. నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నా. కౌలు ముందే కట్టాలి. పంట పండినా ఎండినా ఆ డబ్బు వెనక్కి రాదు.

తుపాను వచ్చి మడి పడిపోతే అధికారులు వస్తారు, చూస్తారు, రాసుకుంటారు. నష్టపరిహారం పట్టా పేరున పడుతుంది. మా ఆసామి మంచివాడే, ఒక ఏడు సగం తెచ్చి చేతిలో పెట్టాడు. కానీ ఆయన ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే అడగకూడదు. అడిగితే వచ్చే ఏడు ఆ భూమి ఇంకొకరికి ఇస్తాడని భయం. వడ్లు అమ్మేటప్పుడూ అంతే. మద్దతు ధరకు కొనాలంటే ఈ-క్రాప్‌లో పేరుండాలి. లేకపోతే దళారి చెప్పిందే రేటు.

చట్టంలో కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా రాశారు. మా ఆరెస్కేలో మేడమ్ ఆ ముక్క చదివి వినిపించారు. ఆసామి విన్నాడు, తల ఊపాడు, సంతకం మాత్రం పెట్టలేదు.

రిటైర్డ్ బ్యాంకు మనిషి

చిత్తూరు జిల్లాలో పల్లె బ్రాంచీల్లో పనిచేసి రిటైరయ్యాను. సంతకం పెట్టకపోవడానికి కోర్టు భయం ఒక్కటే కారణం కాదు. పంట రుణం సంగతి చూడండి.

సకాలంలో కడితే మూడు లక్షల వరకు పంట రుణం మీద రైతుకు పడేది 4 శాతం వడ్డీ. అసలు 7 శాతం, అందులో 3 శాతం కేంద్రం తగ్గింపు ఇస్తుంది. ఇది కూడా సబ్సిడీయే, ఎవరూ దీన్ని సబ్సిడీ లెక్కలో వేయరు. పట్టాదారు పాసుపుస్తకం పెట్టి ఆ రుణం తీసుకుంటాడు. అదే సర్వే నంబరు మీద కౌలుదారుకు ఇంకో పంట రుణం ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. కాబట్టి కార్డు మీద సంతకం పెడితే తన 4 శాతం రుణం పోతుందని యజమాని లెక్క. ఆయన ఆ డబ్బుతో సేద్యం చేయడు. కొందరు తీసుకెళ్లి బయట వడ్డీకి తిప్పుతారు. కౌంటర్ అవతల కూర్చుని నేను ఇది చూశాను. కౌలుదారు అదే ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు, అంటే ఏడాదికి 24 శాతం. ఒకే నేల మీద పంట పెట్టేవాడికి 24, పెట్టనివాడికి 4.

2011లో కిరణ్ కుమార్ రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లు. దానికి యజమాని సంతకం అక్కర్లేదు, ఊళ్లో విచారించి రెవెన్యూ వాళ్లు ఇచ్చేవాళ్లు. ఆ కార్డు మీద రుణాలు కొన్నే ఇచ్చాం, అది నిజం. కానీ కౌలుదారు ఎవరో కనీసం రికార్డులో ఉండేది. 2019 చట్టంతో అదీ పోయింది.

జాతీయ నమూనా సర్వే 77వ రౌండు ప్రకారం సాగు కమతాల్లో కౌలు వాటా దేశంలోకెల్లా మన రాష్ట్రంలోనే ఎక్కువ, దాదాపు 42 శాతం. అదే సర్వేలో రైతు కుటుంబం సగటు అప్పు కూడా మన దగ్గరే అన్నిటికంటే ఎక్కువ, 2.45 లక్షలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడమని నా మనవి.

తోతాపురి తోట

మాది బంగారుపాళ్యం దగ్గర. మామిడి గురించి నేను చెబుతా.

2025 సీజన్ తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. కాపు విరగకాసింది, గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర పాత గుజ్జు అమ్ముడుపోక నిలవుంది. ప్రభుత్వం ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, మేం 4 రూపాయలు కలుపుతాం, కిలోకు 12 వస్తుంది అని ప్రకటించింది. ఇతర రాష్ట్రాల తోతాపురి రాకుండా జిల్లా సరిహద్దుల్లో ఆపేశారు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 1,490.73 రేటు పెట్టి 1.62 లక్షల టన్నులకు ఒప్పుకుంది, కేంద్రం, రాష్ట్రం చెరి సగం భారం.

కాగితం మీద ఇది మంచి నిర్ణయమే. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏం జరిగిందో చెబుతా. టోకెన్ ఉంటేనే ట్రాక్టరు లోపలికి. రోడ్డు పక్కన ట్రాక్టర్ల వరస కనుచూపు మేర. కాయలు ఎండకు రసం కారుతున్నాయి, ట్రాలీ కింద రోడ్డు తడిసి ఈగలు ముసురుతున్నాయి. లోపలికి పోయేసరికి మెత్తబడిన కాయ తీసేసి తూకం వేస్తారు. బాడుగ, కోత కూలి పోను మిగిలింది ఏమీ లేదు. మా ఊళ్లో 8 రూపాయలు పూర్తిగా ముట్టినవాళ్లు తక్కువ. 4 రూపాయలు మాత్రం ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేస్తుంది కాబట్టి దాంట్లో కోత పెట్టే వీలు ఎవరికీ లేకపోయింది. నేను ఆ పద్ధతిని సమర్థిస్తాను.

ఎవరికి అందింది అంటారా? మా దగ్గర చాలా తోటలు పూత మీదే గుత్తకు పోతాయి. గుత్తదారు మందులు కొట్టించి, కాపలా పెట్టి, కోసి, ఫ్యాక్టరీకి తోలుతాడు. ఆ ఏడు ధర పడిపోయి నష్టపోయింది గుత్తదారు. తూకం చీటీ ఆయన చేతిలో, పాసుపుస్తకం తోట ఆసామి చేతిలో. మా పక్క తోటలో ఈ 4 రూపాయలు ఎవరివని పంచాయితీ పెట్టి చివరికి చెరి సగం అనుకున్నారు. గుత్తదారు అంటే పెద్ద షావుకారు అనుకోకండి. ఆయన కూడా మా ఊళ్లో చిన్న రైతే, అప్పు తెచ్చి తోట పట్టాడు.

పాకాల శీను

గుత్తదారు వ్యాపారి కదన్నా, ఆయనకు సబ్సిడీ ఏంది? లాభం వచ్చిన ఏడు ఆసామికి పంచాడా?

తోతాపురి తోట

పంచలేదు తమ్ముడూ. ఆసామి కూడా నష్టం వచ్చిన ఏడు గుత్త డబ్బు వెనక్కి ఇవ్వలేదు. నష్టం ఎవరిదో సాయం వాళ్లకు పోవాలంటున్నా, అంతే.

కుప్పం మెట్ట

మీరంతా ఖాతాలో పడే డబ్బు గురించే మాట్లాడుతున్నారు. అసలు పెద్ద సబ్సిడీలు ఖాతాలో పడవు.

మాది రామకుప్పం వైపు, వాన మీద ఆధారపడిన చేను. శనక్కాయ, రాగి, అనుము పెడతాం. మా నాన్న బోరు వేసి, నీళ్లు పడక, ఆ అప్పు తీర్చి, మళ్లీ ఆ జోలికి పోలేదు. 2004 నుంచి సేద్యానికి ఉచిత కరెంటు ఉంది. మంచిదే. కానీ అందులో మా ఇంటికి ఎంత వచ్చింది? సున్నా. మోటారు లేనివాడికి ఉచిత కరెంటు ఏం చేస్తుంది? నాలుగు బోర్లు, పెద్ద మోటార్లు ఉన్నవాళ్లకు రోజుకు తొమ్మిది గంటలు నడుస్తుంది. బోరు ఎంత లోతైతే అంత పెద్ద మోటారు, అంత ఎక్కువ సబ్సిడీ. డ్రిప్ చూడండి. ఐదెకరాల లోపు రైతుకు 90 శాతం వరకు ఇస్తారు, ఎస్సీ, ఎస్టీలకు 100 శాతం. దానికీ మొదటి షరతు నీళ్లే. యూరియా 45 కిలోల బస్తా 266.50. సబ్సిడీ లేకపోతే రెండు వేలు దాటుతుంది. ఎక్కువ బస్తాలు వేసేది నీళ్లున్న మడికి. మా రాగి చేనుకు ఒక బస్తా వేసినా వాన రాకపోతే అదీ దండగ.

ఎరువు సబ్సిడీ మన ఖాతాలోకి రానే రాదు. అంగట్లో మిషన్ మీద వేలిముద్ర పెట్టాక ఆ డబ్బు కంపెనీకి పోతుంది. 2023-24లో కేంద్రం ఎరువులకు పెట్టింది లక్షన్నర కోట్లకు పైనే, పీఎం కిసాన్‌కు 60 వేల కోట్లు. మాకు వచ్చే సాయం ఏంటంటే ఆ 20,000, జూన్‌లో 40 శాతం తగ్గింపుతో శనక్కాయ విత్తనం. అదీ విత్తే అదను దాటాక వస్తే వేరే అంగట్లో కొనుక్కోవాల్సిందే.

వెయ్యి అడుగుల బోరు

అన్నా, మీ బాధ నిజమే. కానీ బోరున్న రైతు సుఖంగా ఉన్నాడనుకోవద్దు. పేరులోనే చెప్పా, మాది వెయ్యి అడుగులు. టమోటా, బీన్స్ పెడతాం. మోటారు కాలితే రీవైండింగ్, కేబుల్, పైపులు పైకి లాగే కూలి, ఒక్కసారి బయటికి తీస్తే ఆ పంట లాభం అందులోనే పోతుంది. కరెంటుకు బిల్లు వేస్తే మా వైపు సగం మంది మోటార్లు ఆపేస్తారు. టమోటా బాక్సు ధర పడిపోయినప్పుడు రోడ్డు మీద పారబోసింది నీళ్లున్న రైతులే.

2020లో కరెంటు డబ్బు కూడా ఖాతాలో వేస్తాం, మీటర్లు పెడతాం అన్నప్పుడు శ్రీకాకుళంలో మొదలుపెట్టారు. మా వైపు అందరం భయపడ్డాం. ఖాతాలో పడే డబ్బు ఎప్పుడైనా ఆగుతుంది. వైరులో వచ్చే కరెంటు అలా ఆగదు.

కుప్పం మెట్ట

మీ కరెంటు తీసేయమని నేనెక్కడా అనలేదు. బోరు లేని చేనుకు ఎకరాకు ఇంత అని వేరే ఇవ్వమంటున్నా. నీటి గుంట తవ్వుకోవడానికో, రాగికి గిట్టుబాటు ధరకో. నీళ్లున్నవాడికి కరెంటు, డ్రిప్, ఎరువు అని ఇంకో మూడు దారుల్లో సాయం, లేనివాడికి ఆ 20,000, విత్తనమే. ఇది సరికాదు.

మా ఇంటి సేద్యం

నేను పెద్దగా రాయను, ఎవరైనా దారి చెబుతారని అడుగుతున్నా. మాది పూతలపట్టు మండలం. భూమి మా మామగారి పేరున ఉంది. ఆయన పోయారు, తర్వాత మా ఆయన కూడా పోయారు. ఎకరన్నర చెరుకు, కొంచెం పశువుల మేత నేనే చేస్తున్నా. రికార్డులో ఇంకా మామగారి పేరే. ఆయన చనిపోయినట్టు నమోదైంది కాబట్టి డబ్బు ఆగింది, నా పేరు ఎక్కలేదు కాబట్టి నాకు రాదు. మా ఆయన తమ్ముళ్లు సంతకానికి రేపు మాపు అంటున్నారు. ఆఫీసుకు పోతే ముందు మీలో మీరు తేల్చుకుని రండి అంటారు.

ఆరెస్కే ఉద్యోగి

అక్కా, మీలాంటి వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ముందు సచివాలయంలో మీ మామగారి, మీ ఆయన మరణ ధ్రువపత్రాలు పెట్టి కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి అప్లై చేయండి. దానికి మరుదుల అంగీకారం అక్కర్లేదు, విచారణ వీఆర్వో చేస్తారు. తర్వాత వారసత్వ మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు. భాగాలు తేలకపోతే వారసులందరి పేర్లూ ఉమ్మడిగా ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. పేరు ఎక్కాక పీఎం కిసాన్‌కు వారసత్వం కింద అర్హత వస్తుంది. ఆధార్‌కు బ్యాంకు ఖాతా లింకై ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, చాలా మందికి చివర్లో అక్కడే ఆగుతుంది. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి.

బైరాగిపట్టెడ

అమ్మా, మరుదులు సంతకం పెట్టకపోతే చిత్తూరులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు. మా బంధువుల్లో ఒకామెకు అలాగే పని జరిగింది.

సువర్ణముఖి గట్టు

అందరి మాటలూ మళ్లీ మళ్లీ చదివా. ఇతర రాష్ట్రాల్లో ఎలా చేశారో కొంచెం చూశా.

తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టినప్పుడు ఎకరాకు ఇంత అని ఇచ్చారు, పరిమితి లేదు. ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ డబ్బు. కౌలుదారుకు ఏమీ లేదు. ప్లాట్లు వేసిన భూములకు, గుట్టలకు కూడా వెళ్లాయని గొడవైంది. 2025లో రైతు భరోసా పేరుతో సాగుకు పనికిరాని భూములు తీసేశారు. మన దగ్గర కుటుంబానికి ఇంత అని ఇస్తారు కాబట్టి పెద్ద రైతుకూ చిన్న రైతుకూ ఒకే మొత్తం. ఈ విషయంలో మనది మెరుగని నా అభిప్రాయం. అయితే రేణిగుంట, తిరుపతి చుట్టుపక్కల రాళ్లు పాతేసిన వెంచర్లు ఎన్ని ఇంకా వ్యవసాయ భూమిగానే రికార్డులో ఉన్నాయో ఎవరైనా పరిశీలించాలి.

ఒడిశా కాలియా పథకంలో చిన్న, సన్నకారు రైతులతో పాటు కౌలుదారులను, భూమి లేని వ్యవసాయ కుటుంబాలను కూడా చేర్చారు. మేకలు, కోళ్లు, పుట్టగొడుగుల పెంపకం లాంటి వాటికి భూమి లేని కుటుంబానికి 12,500 అని పెట్టారు. అంటే భూమి కాగితం లేకుండా సాయం చేయడం సాధ్యమే.

బైరాగిపట్టెడ సార్ భయం, కౌలు అన్న కష్టం రెండూ నిజమే. అమ్మగారి డబ్బు తీసి కౌలుదారుకు ఇవ్వాలని కాకుండా, సాగు చేసే మనిషిని సంతకంతో పనిలేకుండా ఈ-క్రాప్‌లో విడిగా రాయాలని నా డిమాండ్. నష్టపరిహారం, మద్దతు ధర, విత్తనం, పంట రుణం ఆ పేరుకు వెళ్లాలి. భూమి హక్కు పట్టాదారు దగ్గరే ఉండాలి, అది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి.

రిటైర్డ్ బ్యాంకు మనిషి

పంట రుణం గురించి ఇంకొకటి చేర్చండి. యజమాని తన రుణం వదులుకోకుండా కౌలుదారుకు రుణం రావాలంటే ప్రభుత్వం గ్యారంటీ నిధి పెట్టాలి. పూచీ లేకుండా రెండు లక్షల వరకు ఇవ్వమని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి పరిమితి పెంచింది. పూచీ అక్కర్లేదన్నారు సరే, కౌలుదారు సేద్యం చేస్తున్నాడని చెప్పే కాగితమైనా బ్యాంకు మేనేజరుకు కావాలి కదా. అక్కడే ఆగుతోంది.

బైరాగిపట్టెడ

సువర్ణముఖి గారు చెప్పినట్టు సంతకం లేకుండా ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు రాసి, భూమి హక్కుకు ఏ ఇబ్బందీ లేదని నా చేతికి కాగితం ఇస్తే నేను అడ్డు చెప్పను. మా కౌలు ఆయనకు ఈ ఏడు వడ్లు మద్దతు ధరకు అమ్ముకునే వీలుంటే నాకూ కౌలు సకాలంలో వస్తుంది. కార్డు ఫారం ఒకసారి ఆరెస్కేలో నేనే చదువుతా. 11 నెలల తర్వాత అది తనంతట తానే రద్దవుతుందని అందులో రాసి ఉంటే అమ్మతో మాట్లాడతా.

ఆరెస్కే ఉద్యోగి

11 నెలలే సార్, తర్వాత చెల్లదు. ఖరీఫ్ మొదలయ్యే ముందు రండి. అమ్మగారి పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సు, కౌలు ఆయన ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి.

కౌలు సేద్యం

మా ఆసామికి ఈ చర్చ ఫోన్‌లో చదివి వినిపిస్తా. బైరాగిపట్టెడ సార్ రాసింది ముఖ్యంగా.

తోతాపురి తోట

సోమవారం చిత్తూరు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. వచ్చే సీజన్‌కు గేటు దగ్గర టోకెన్‌లోనే పట్టాదారు పేరు, తోలుతున్నవాడి పేరు రెండూ రాయమని మా ఊరి తరఫున అర్జీ రాస్తున్నాం. బంగారుపాళ్యం, గుడిపాల, తవణంపల్లె వైపు వాళ్లు సంతకాలకు రండి. కుప్పం అన్నా, బోరు లేని చేల గురించి మీరు వేరే అర్జీ రాసి తెండి, రెండూ ఒకే రోజు ఇద్దాం.